పద్నాలుగో వరుసలోని మనిషి

1997 జూన్ 11, బుధవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు నేనొక మనిషి పేరును స్టెన్సిల్ కాగితం మీద టైపు చేశాను. వరుస సంఖ్య పద్నాలుగు. పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, ఊరు, తాలూకా. ఐదు గడులూ నిండాయి. ఒక్క అక్షరమూ తప్పు పడలేదు. ఆనాటి డైరీలో "జాబితా పూర్తి. పేర్లు ఇరవై ఒకటి. దిద్దుబాట్లు లేవు" అని రాసుకున్నాను.

ఆ మనిషి పేరు ఇక్కడ ఎక్కడా రాయను. నేను ఒకసారి రాసినందుకే జరగకూడనిదంతా జరిగింది.

అప్పటికి నేను తమిళనాడులోని హోసూరులో, బాగలూరు రోడ్డు పక్కన ఒక మేడమీది గదిలో ఉన్న వాహన ఫైనాన్సు కంపెనీలో తొమ్మిదేళ్లుగా గుమాస్తాను. మోపెడ్లకు, ఆటోలకు, చిన్న వ్యాన్లకు అప్పులిచ్చే ఇటువంటి ఆఫీసులు హోసూరు, కృష్ణగిరి పట్టణాలు రెండింటిలో కలిపి మాతో సహా పన్నెండు. వాయిదాలు ఎగవేసినవారి పేర్లను ఈ పన్నెండూ ఒకదానికొకటి తెలుపుకునేవి. నెలకొకసారి అన్ని ఆఫీసుల నుంచీ చీటీలు మాకు వచ్చేవి. వాటిని కూర్చి, టైపు చేసి, ప్రతులు తీసి, తక్కిన పదకొండు ఆఫీసులకూ పంపడం నా పని. దాన్ని అందరూ ఎచ్చరిక లిస్టు అనేవారు. అందులో పేరు ఎక్కినవారికి ఈ రెండు ఊళ్లలోనూ అప్పు పుట్టదు. పేరు ఎక్కిన సంగతి వారికి చెప్పకూడదు. అసలు అటువంటి జాబితా ఉన్నదనే బయటికి పొక్కకూడదు. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాకపోయినా, రాసిపెట్టిన వాటికన్నా గట్టిగా నడిచేది.

పద్నాలుగో వరుసలోని ఆయనది అత్తిముగం అనే పల్లె. రెండెకరాల పొలం, ఒక బావి, ఒక జత ఎద్దులు. కొత్తిమీర, ముల్లంగి, ఒక మూల గులాబీలు వేసేవాడు. 1994లో మోపెడ్ కోసం మా దగ్గర అప్పు తీసుకున్నప్పుడు ఆయనకు నలభై ఆరేళ్లు, నాకు ముప్పై ఆరు. వాయిదాకు గడువు ప్రతి నెల ఐదో తేదీ. ఆయన మూడో తేదీనే వచ్చేవాడు. మేడమెట్ల కిందనే చెప్పులు విడిచి, రెండింటినీ జతచేసి, వేళ్లు రోడ్డువైపు ఉండేట్టు తిప్పిపెట్టి, ఉత్త కాళ్లతో పైకి వచ్చేవాడు. రోడ్డు మీద చెప్పులు ఎవరైనా ఎత్తుకుపోతారని ఒకసారి హెచ్చరించాను.

"పోతే పోనీలేప్పా," అన్నాడు. "దోవ తెలిసిన చెప్పులు అవి. ఎత్తుకపోయినోడు సక్కగా అత్తిముగానికే వచ్చి నిలబడ్తాడు."

తన హాస్యానికి తానే నవ్వుతూ తువ్వాలు కొసతో నోరు మూసుకునేవాడు. ఆ తువ్వాలు ఎప్పుడూ కొత్తిమీర వాసన వేసేది.

రసీదు చేతికిస్తే వెంటనే తీసుకునేవాడు కాదు. ఆయనకు తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు. మా రసీదులు ఇంగ్లీషులో ఉండేవి. ఆఫీసులో కలం పట్టిన ప్రతివాడూ ఆయన లెక్కలో రైటరే కనుక నన్ను రైటరప్పా అని పిలిచేవాడు.

"చదువప్పా రైటరప్పా. కాయితం ఏమంటా ఉండాదో నీ నోటితో వినాల."

నేను పేరు, తండ్రి పేరు, ఊరు, కట్టిన మొత్తం చదివేవాణ్ని. తన పేరు రాగానే తువ్వాలు భుజం మీద సర్దుకుని, తల ఒక్కసారి ఆడించి, "ఊఁ, అది నేనే" అనేవాడు. ఆ తర్వాతనే రసీదు ఆయన చేతిలోకి వెళ్లేది. ఎరువు మూట లోపలుండే ప్లాస్టిక్ సంచిని కత్తిరించి, అంచులు దారంతో కుట్టి చేసుకున్న ఒక కవరుండేది ఆయన దగ్గర. రసీదును నాలుగు మడతలు పెట్టి అందులో వేసుకునేవాడు.

పదో నెలో పదకొండో నెలో, విసుగుతో అడిగాను. "ఇన్నిసార్లు విన్నారు కదా, నెలనెలా పేరు మారిపోతుందా?"

"పేరు యాడ మారుతుందప్పా? రాసే చెయ్యి కదా మారేది."

"ఇక్కడ రాసేది నేనొక్కణ్నే."

"అందుకే బయం లేకుండా అడగతా ఉండాను. వేరేవాడైతే కసురుకుంటాడు."

ఒకసారి ఒక కొత్తిమీర కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఖాతాదారుల దగ్గర ఏదీ ఊరికే తీసుకోనని చెప్పి ఒక రూపాయి ఇచ్చాను. ఆయన రూపాయిని అటూ ఇటూ తిప్పి చూసి, మేనేజరు గదివైపు గొంతెత్తాడు.

"సార్, కొత్తిమీరకు నేనూ రసీదు ఇయ్యాలనా? నాకు ఇంగ్లీషు రాదే!"

మేనేజరు లోపలి నుంచే నవ్వాడు. "ఇయ్యప్పా, ఇయ్యి. లేకుంటే ఈయన రాత్రికి నిద్రపోడు."

"ఈ రైటరప్ప గడియారానికే టైము చెప్తాడు సార్," అన్నాడాయన. ఆ మాట ఆఫీసులో నిలిచిపోయింది. నాకు లోలోపల సంతోషమే కలిగింది. ఆయన దాన్ని ఎగతాళిగా అన్నాడో మెచ్చుకోలుగా అన్నాడో తేల్చుకోవలసిన అవసరం నాకు అప్పట్లో కనబడలేదు.

ఇరవై నాలుగు వాయిదాలు, ఇరవై నాలుగు రసీదులు, "అది నేనే" ఇరవై నాలుగు సార్లు. 1996లో ఆయన ఖాతా ముగిసింది. ఒక్క రోజు ఆలస్యం లేదు.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

మా పక్క రికార్డుల్లో ఇంటిపేరు రాయరు. తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని మనిషి పేరుకు ముందు పెడతారు. అది తమిళనాడు పద్ధతి. పెద్దకొడుకుకు తాత పేరు పెట్టడం మా తెలుగు కుటుంబాల పద్ధతి. ఒక తాతకు ఇద్దరు కొడుకులుంటే, ఇద్దరి పెద్దకొడుకులకూ ఆ తాత పేరే వస్తుంది. ఆ ఇద్దరు కొడుకుల పేర్లూ ఒకే అక్షరంతో మొదలైతే, మనవళ్లిద్దరూ కాగితం మీద ఒక్కడే అవుతారు. ఇది నాకు తెలియని విషయం కాదు. నా పేరు మా తాత పేరే. మా చిన్నాన్న కొడుకుదీ అదే. చిన్నప్పుడు ఇంట్లో ఒకణ్ని పిలిస్తే ఇద్దరం పలికేవాళ్లం.

ఆ జూన్‌లో కృష్ణగిరిలోని ఒక ఆఫీసు నుంచి వచ్చిన చీటీలో ఒక అక్షరం, ఒక పేరు, అత్తిముగం అనే ఊరు, ఒక వ్యాను, ఎనిమిది వాయిదాల బాకీ మాత్రమే ఉన్నాయి. తండ్రి పేరు లేదు. ఇంటి నంబరు లేదు. ఖాళీ గడులున్న జాబితా నా చేతి నుంచి వెళ్లదని నాకొక గర్వం ఉండేది. నా లెడ్జర్లో అత్తిముగంలో అదే అక్షరం, అదే పేరు ఉన్న ఖాతా ఒకటే కనబడింది. దానిలోంచి తండ్రి పేరు, ఇంటి నంబరు తీసి రెండు గడులూ నింపాను. కృష్ణగిరికి ఒక ఫోను చేసి ఉంటే రెండు నిమిషాల్లో తేలేది. నా బల్ల ముందు నిలబడి ఇరవై నాలుగు వాయిదాలు గడువుకు రెండు రోజుల ముందే కట్టిన మనిషి మరొక ఊళ్లో ఎనిమిది వాయిదాలు ఎగవేస్తాడా అన్న ప్రశ్న కూడా నాకు తట్టలేదు. కృష్ణగిరి చీటీలో ఉన్నది ఎవరిదైనా కాగల ఒక పేరు. నా టైపు పూర్తయ్యేసరికి అది ఫలానా ఇంట్లో ఉండే ఫలానా మనిషి అయింది.

మేనేజరు ప్రతులు చూసి మెచ్చుకున్నాడు. "కృష్ణగిరోళ్ల చీటీ పెండ్లి పత్రిక మాదిరి ఉంటుందయ్యా, ఎవురైనా రావచ్చు. నువ్వు కొడితే కోర్టు తీర్పు మాదిరి ఉంటుంది."

జూలై 4, శుక్రవారం. కృష్ణగిరి దగ్గరి కుందారపల్లిలో సంతరోజు. సంత జరిగే చోటుకు పక్కనే ఆ వ్యాను, నాలుగు టైర్లూ ఊడదీసి, రాళ్ల మీద నిలబెట్టి ఉండగా దొరికిందని కృష్ణగిరి ఆఫీసు నుంచి కాగితాలు వచ్చాయి. వాటికి అప్పు తీసుకున్న మనిషి ఫొటో అంటించి ఉంది. గుండ్రటి ముఖం, దట్టమైన మీసం, ముప్పై ఏళ్లకు మించని వయసు. తండ్రి పేరు వేరు. మొదటి అక్షరం మాత్రం అదే. ఇతడు ఆయనకు చిన్నాన్న కొడుకని అర్థమైంది.

ఆ ఫొటో నేను చూసినప్పుడు మధ్యాహ్నం మూడుంబావు. డైరీలో "కుందారపల్లి వ్యాను కాగితాలు అందినవి" అని రాసి ఊరుకున్నాను. డైరీకి నేను చెప్పిన మొదటి అబద్ధం అది. రాసిన మాటలో అబద్ధం లేదు. మిగతాది రాయకపోవడంలో ఉంది.

చేయవలసిన పని స్పష్టంగానే ఉంది. ఫలానా నెల జాబితాలో ఫలానా వరుస తప్పు, తప్పు నాది అని నా సంతకంతో పదకొండు ఆఫీసులకూ ఉత్తరం పంపాలి. తొమ్మిదేళ్లలో అటువంటి ఉత్తరం నేను ఒక్కటీ పంపలేదు. అదే నెలలో మా అకౌంటెంటు ఉద్యోగం మానేశాడు. ఆ చోటికి నా పేరును మేనేజరు పైకి రాశాడు. "ఈయన రికార్డులో ఇంతవరకు ఒక్క దిద్దుబాటు లేదు" అన్న వాక్యాన్ని నాకే ఇచ్చి టైపు చేయించాడు. జూలై జాబితాలో ఆయన వరుస తీసేసి, అసలు మనిషి వివరాలు వేశాను. దానితో సరిపోయిందని నాకు నేను చెప్పుకున్నాను. జూన్ జాబితాను ఎవరూ పారవేయరని, పాతదీ కొత్తదీ ఒకే ఫైలులో ఒకదాని కింద ఒకటి ఉంటాయని నాకు బాగా తెలుసు. ఆ ఫైలు పద్ధతి నేను చెప్పిందే.

జూలై 21, సోమవారం, ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు ఆయన వచ్చాడు. చెప్పులు కిందనే ఉన్నాయి. ముఖంలో పండుగ.

"రైటరప్పా, ఈ తూరి పెద్దది. మూడు చక్రాల గూడ్స్ బండి. మా ఊర్లో ఆరు మంది కొత్తిమీర, రోజాపూలు నా బండికే ఏస్తామన్నారు. పొద్దున నాలుక్కంతా మార్కెట్టులో దించేస్తాను."

"డౌన్ పేమెంటు?"

"ఎద్దులు అమ్మేసినాను. బండి వస్తే ఎద్దులు ఎందుకు? డీలరుకు అడ్వాన్సు కూడా కట్టేసినాను. మీ లోను ఒకటే మిగిలుండేది."

మేనేజరు ఆయన్ను కూర్చోబెట్టి, టీ చెప్పి, సొరుగు తీశాడు. కొత్త అప్పుకు ముందు ఏడాది జాబితాలన్నీ చూడడం మా రివాజు. ఫైలులో వేలు పైనుంచి కిందికి దిగి జూన్ నెల కాగితం మీద ఆగింది. సొరుగు మూసేశాడు.

"ఇప్పుడు కుదరదప్పా."

"ఏమి సార్? నా పాత లెక్క చూడండి. ఈ రైటరప్పే చదివి వినిపించినాడు, ఇరవై నాలుగు కాయితాలు." ఆయన అప్పటికే కవరు విప్పుతున్నాడు.

"కుదరదంటే కుదరదు. పోయిరా."

ఆయన మెట్లు దిగాక మేనేజరు నన్ను లోపలికి పిలిచాడు. "మంచోడు మాదిరి కనిపించినాడే. కృష్ణగిరిలో ముంచేసి ఈడికి వచ్చినాడు చూడు. నువ్వు కొట్టిందే కదయ్యా, జూన్ లిస్టు?"

అప్పుడు చెప్పి ఉండవచ్చు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. కిటికీలోంచి చూస్తే ఆయన ఇంకా కింద చెప్పులు తొడుక్కుంటూ కనబడుతున్నాడు. పిలిస్తే వినబడే దూరం.

"అవును సార్," అన్నాను.

సాయంత్రం నాలుగున్నరకు ఆయన మళ్లీ వచ్చాడు. లోపలికి రాకుండా మెట్ల పైన నిలబడి నన్ను బయటికి పిలిచాడు. తువ్వాలు చేతిలో ఉండలా చుట్టుకుపోయింది.

"ఐదు ఆఫీసులు తిరిగినాను రైటరప్పా. అందరూ నవ్వుతానే కూర్చోబెట్టినారు. పేరు చెప్తానే సొరుగు తీస్తారు. మళ్ల మూసేటప్పటికి మొగంలో నవ్వు ఉండదు. ఆ సొరుగులో ఏముండాదప్పా?"

"ఏమీ లేదు. ఇదంతా పై ఆఫీసు నిర్ణయం."

"కాయితం ఉండాది. నాకు తెలుస్తా ఉండాది. నువ్వు చదివి వినిపించు, చాలు. ఆడ ఉండేది నేనేనా అని చూస్తాను. నేనైతే ఒప్పుకుంటాను. నేను కాకుంటే కాదంటాను. అంతే కదప్పా?"

ఇప్పటికి ఇరవయ్యేళ్లు దాటిన ఉద్యోగంలో నేను చదివిన ఏ నియమావళిలోనూ ఇంత సూటి వాక్యం లేదు. జాబితా మూలప్రతి నా బల్ల సొరుగులో, మేము నిలబడిన చోటికి నాలుగడుగుల దూరంలో ఉంది.

"అట్లాంటి కాయితం ఏదీ లేదప్పా," అన్నాను.

ఆయన నన్ను కొంతసేపు చూశాడు. తర్వాత ఆ ముఖం తేరుకుంది. నా మాటను నమ్మాడు.

"సరేలేప్పా. నువ్వు లేదంటే లేదు. గడియారానికి టైము చెప్పేటోడివి, నాకు అబద్ధం చెప్తావా?"

దిగి, చెప్పులు తొడుక్కుని, బస్టాండువైపు వెళ్లిపోయాడు. ఆగస్టు ఒకటిన నేను అకౌంటెంటునయ్యాను. జీతం నెలకు ఆరువందల యాభై రూపాయలు పెరిగింది.

2001లో మా ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది. పాత జాబితాలన్నీ అందులోకి ఎక్కించి, పన్నెండు ఆఫీసులకూ అందుబాటులో ఉంచాలని నిర్ణయమైంది. ఎక్కించిన పేర్లను సరిచూసేవాణ్ని నేనే. 1997 జూన్, పద్నాలుగో వరుస తెర మీదికి వచ్చింది. "ఇది తీసెయ్యండి" అంటే, ఎందుకని అడుగుతారు. నాలుగేళ్లు ఎందుకు ఊరుకున్నావని కూడా అడుగుతారు. సరిపోయింది అన్న గుర్తు పెట్టాను. కాగితమైతే ఎప్పుడో చివికి, ఎలుకలు కొట్టి పోయేది. కంప్యూటరులో ఆ అవకాశం కూడా లేకుండా పోయింది.

తర్వాత ఆయన్ను ఒక్కసారే చూశాను. 2004 అక్టోబరు 12, మంగళవారం, పదకొండు గంటల ఇరవై నిమిషాలు. హోసూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఒక చిన్న కంపెనీకి లెక్కల పని మీద వెళ్లాను. గేటు దగ్గర ఖాకీ చొక్కా, చేతిలో రిజిస్టరు. భుజం మీద ఆ తువ్వాలు మాత్రం ఖాకీ కాదు.

"రైటరప్పా! ఏమప్పా, ఇంత నల్లగా అయిపోయినావు? కూర్చో, కూర్చో." తన కుర్చీ నా వైపు జరిపి, కూజాలోంచి గ్లాసు నిండా నీళ్లు వంచి ఇచ్చాడు.

"పొలం?" అన్నాను. వేరే మాట దొరకలేదు.

"గుత్తకిచ్చేసినానప్పా. ఎద్దులు లేకుండా యాడ దున్నేది? ఈడ నాలుగేండ్లాయె. కష్టమేమీ లేదు. వచ్చినోళ్ల పేరు రాసుకోవాల, పోయేటప్పుడు టైము ఎయ్యాల. నీ పనే నాకు వచ్చింది చూడు!" తువ్వాలుతో నోరు మూసుకుని నవ్వాడు.

రిజిస్టరులో నా పేరు తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో, నెమ్మదిగా రాశాడు. రాశాక, ఆ బరువైన పుస్తకాన్ని రెండు చేతులతో నా వైపు తిప్పాడు.

"సరిగ్గా ఉండాదా చూసుకో. తప్పుంటే చెప్పు, కొట్టేసి రాస్తాను. లోపలికి పోయేది నువ్వు కదా, పుస్తకంలో ఇంగొకడు ఉండకూడదు."

"సరిగ్గానే ఉంది," అన్నాను. గేటు దాటి లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు ఆయన వేసిన టైము పన్నెండు పది. నా గడియారంలో పన్నెండు తొమ్మిది. డైరీలో ఆ ఒక్క నిమిషం తేడాను రాసుకున్నాను. తక్కినది రాయలేదు.

ఆయన అడిగింది పెద్ద కోరిక కాదని నాకు మరొకరి వల్ల తెలిసింది. 2009 మార్చి 16, సోమవారం. హోసూరులోని ఒక బ్యాంకులో డ్రాఫ్టు కోసం వరుసలో నిలబడి ఉన్నాను. పక్క బల్ల దగ్గర ఒక అధికారిణి, కుట్టుమిషన్లకు అప్పు అడగడానికి వచ్చిన ఒకామె వైపు కంప్యూటరు తెర తిప్పింది.

"చూడమ్మా, మీ గురించి ఇట్ల రాసుండాది. ఇది మీరేనా? ఈ రెండు లోన్లూ మీవేనా?"

"మొదటిది నాదే మేడం. రెండోది నాది కాదు. ఆ ఊర్లో నేను అడుగే పెట్టలేదు."

"అయితే కాదని రాసియ్యండి. పైకి పంపిస్తాము, వాళ్లు విచారించి దిద్దాల. తేలినాక మళ్ల రండి. మీ కాపీ ఇదో, తీసుకపోండి."

మొత్తం మూడు నిమిషాలు. గోడ గడియారం చూశాను. డ్రాఫ్టు తీసుకోకుండానే బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

అప్పిచ్చేవారి దగ్గర జాబితా ఉండకూడదని నేను అనను. కుందారపల్లిలో టైర్లు ఊడదీసి వ్యానును వదిలిపోయిన మనిషి నిజంగానే ఉన్నాడు. అతని సంగతి తెలుసుకోవడం ఆ ఆఫీసుల హక్కే. అయితే ఒక మనిషి గురించి పన్నెండు చోట్ల రాసిపెట్టినప్పుడు, ఆ రాసింది అతడిదేనా అని అడగవలసిన మొదటి మనిషి అతడే. మేము పన్నెండు మందినీ అడిగేవాళ్లం, అతణ్ని తప్ప. పైగా మా జాబితాలో ఎగవేతకు చోటు ఉంది, సక్రమంగా కట్టినదానికి లేదు. ఇరవై నాలుగు రసీదుల మంచి ఒక ప్లాస్టిక్ కవరులో మడతలు పడి ఉండిపోయింది. నేను నింపిన రెండు గడుల చెడు పన్నెండు సొరుగుల్లో నిలబడింది. ఒక జాబితాలోంచి పేరు తీసేసినంత మాత్రాన దిద్దినట్టు కాదు. తప్పు ఎక్కడెక్కడికి వెళ్లిందో దిద్దుబాటు కూడా అక్కడికల్లా నడిచి వెళ్లాలి. ఇవన్నీ ఇప్పుడు రాస్తున్నాను. ఆనాడు మా ఆఫీసు మెట్ల మీద ఆయన నాలుగు మాటల్లో చెప్పింది కూడా ఇదే.

బ్యాంకు నుంచి వచ్చిన మర్నాడు ఆయన పనిచేసే కంపెనీ గేటుకు వెళ్లాను. ఖాకీ చొక్కా మరొకరి ఒంటి మీద ఉంది. ఆయన ఆరు నెలల కిందట, డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయాడని ఆ కొత్త మనిషి చెప్పాడు. "పాత రిజిస్టర్లు చూడండి సార్, ఒక్క కొట్టివేత లేదు," అని కూడా అన్నాడు.

మార్చి 20న ఉత్తరం టైపు చేశాను. ఒక ప్రతి మా మేనేజరు చేతికే ఇచ్చాను; ఈయన కొత్తవాడు. చదివి, నా ముఖం చూసి, మాట్లాడకుండా కంప్యూటరులోంచి ఆ వరుస తీయించాడు. పదకొండు ప్రతులు పోస్టులో వేశాను. తర్వాత వాటిలో నాలుగు, ఆఫీసు మూతపడిందన్న ముద్రతో తిరిగి వచ్చాయి. పదమూడో ప్రతిని తెలుగులో రాసుకుని, 22వ తేదీ ఆదివారం ఉదయం అత్తిముగం బస్సెక్కాను.

ఆయన భార్య వాకిట్లో కూర్చుని, ఎవరి పొలానివో కొత్తిమీర కట్టలు కడుతోంది.

"ఎవురప్పా?"

"హోసూరు ఫైనాన్సులో పనిచేస్తానమ్మా."

చేతులు ఆగాయి. "గడియారానికి టైము చెప్పే రైటరా?"

అవునన్నాను. ఆమె ముఖం వెలిగింది. ఆ వెలుగు ఆర్పడానికే వచ్చానని తెలిసి, త్వరగా చెప్పేశాను. ఉత్తరం ఇవ్వబోయాను.

"నాకు చదువు రాదప్పా. చదివి వినిపించు."

నిలబడే చదివాను. 1997 జూన్ జాబితాలో పద్నాలుగో వరుస తప్పు. అందులోని వివరాలు నేను విచారించకుండా చేర్చినవి. ఈయన ఏ ఆఫీసుకూ ఎన్నడూ బాకీ లేడు. మా వద్ద తీసుకున్న అప్పును ఇరవై నాలుగు వాయిదాల్లో, ప్రతి వాయిదా గడువుకు ముందే చెల్లించాడు. పొరపాటు నాకు తెలిసిన తేదీ 1997 జూలై 4. దిద్దిన తేదీ 2009 మార్చి 20. ఈ మధ్య కాలానికి బాధ్యుణ్ని నేను.

ఆయన పేరు చదివినప్పుడు ఆమె కొంగు భుజం మీదికి సర్దుకుంది. "ఊఁ," అంది. "అది మా ఆయప్పే."

పూర్తయ్యాక కొంతసేపు కట్టలు కట్టింది. తర్వాత, తల ఎత్తకుండానే అంది.

"ఊర్లో అందరూ అడిగినారప్పా, ఎవుని దుడ్డు ఎత్తుకోని ఏమారిచ్చినావని. బండికి పూలేస్తామన్న ఆరు మందీ అడిగినారు. నేనూ అడిగినాను, ఒక తూరి. ఆయప్ప ఏం చెప్పల్ల? ఆయప్పకే తెలియదే."

ఆమె మరొక కట్ట చేతిలోకి తీసుకుంది.

"గేటు కాడికి నువ్వు పోయిండావంట కదా. ఇంటికొచ్చి చెప్పినాడు. రైటరప్ప వచ్చిండె, నీళ్లిచ్చినాను, నల్లగా అయిపోయినాడు పాపం అని. ఆ దినమైనా చెప్పుండొచ్చు కదప్పా."

"చెప్పి ఉండవలసిందమ్మా."

ఆమె లేచి ఇంట్లోకి వెళ్లి ఆ ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అంచుల కుట్టు ఒకచోట విడిపోయి, వేరే రంగు దారంతో మళ్లీ కుట్టి ఉంది. ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి, రసీదుల వెనక దూర్చింది. నాకు నీళ్లు ఇవ్వలేదు. నేను అడగలేదు. పదకొండు గంటల ఐదు నిమిషాల బస్సుకు తిరిగి వచ్చాను.

లెక్క ఇది.

పోయినవి: ఎద్దులు ఒక జత, పద్నాలుగువేల ఐదువందలకు అమ్మినవి. డీలరు తిరిగి ఇవ్వని అడ్వాన్సు, మూడువేలు. రాని బండి ఒకటి. పూలు వేస్తామన్న మాటలు ఆరు. గేటు దగ్గర ఏళ్లు ఎనిమిది. మనిషి ఒకడు.

ఉన్నవి: అత్తిముగంలో, కవరు ఒకటి, అందులో రసీదులు ఇరవై నాలుగు, ఉత్తరం ఒకటి. నా దగ్గర, 1997 ఆగస్టు నుంచి పెరిగిన జీతం, డైరీలు, నా పేరు. నేను కూర్చిన జాబితాల్లో దిద్దుబాట్లు, ఒకటి. ఆలస్యం, పదకొండేళ్ల ఎనిమిది నెలల పదహారు రోజులు.